పసివాళ్ల రక్తక్యాన్సర్‌కు తొలి మందు... మన యల్లాప్రగడ సుబ్బారావు

ఆరోగ్య కార్యకర్తలు ఇంటికొచ్చి ఇచ్చే బోదకాలు మాత్రలు మీరు ఎప్పుడైనా మింగారా? మీ ఇంట్లో గర్భిణులు ఐరన్‌తో పాటు ఫోలిక్ యాసిడ్ మాత్ర వేసుకున్నారా? కీళ్లవాతానికో, సోరియాసిస్‌కో వారానికి ఒకసారి మెథోట్రెక్సేట్ వాడేవాళ్లు మీ బంధువుల్లో ఉన్నారా? టెట్రాసైక్లిన్ జాతి మందుల పేరు విన్నారా? ఈ నాలుగు మందుల చరిత్రలోనూ ఒక తెలుగు శాస్త్రవేత్త పేరు కనిపిస్తుంది. ఆయన యల్లాప్రగడ సుబ్బారావు.

వీటన్నిటికంటే పెద్ద పని ఇంకొకటి ఉంది. రక్తక్యాన్సర్ వచ్చిన పసివాళ్లను కొంతకాలమైనా ఆటపాటలకు తిరిగి తెచ్చిన మొట్టమొదటి మందు ఆయన నడిపిన ప్రయోగశాలలోనే తయారైంది. అంతకుముందు లుకేమియా అని తేలిన బిడ్డ వారాల్లోనో, కొద్ది నెలల్లోనో చనిపోవడం తప్ప మరో దారి లేదు. కొల్లూరు నుంచి, కృష్ణ ఒడ్డున ఉన్న లంక ఊళ్ల నుంచి బిడ్డను ఎత్తుకుని మా దగ్గరికొచ్చే తల్లిదండ్రులకు ఈ మనిషి జీవితం తెలియాలి. ఆయన సాధించిన విజయాలతో పాటు ఆయన ఇంట్లో జరిగిన నష్టాలు కూడా తెలియాలి.

భీమవరం నుంచి మద్రాసు దాకా

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. తండ్రి జగన్నాథం రెవెన్యూ శాఖలో చిరుద్యోగి. తల్లి వెంకమ్మ. ఇంటి నిండా పిల్లలు, చాలీచాలని జీతం. తండ్రి అనారోగ్యంతో ముందే ఉద్యోగం మానుకోవాల్సి వచ్చింది. పిల్లవాడిగా ఉన్నప్పుడు సుబ్బారావు కాశీ వెళ్లి యాత్రికులకు అరటిపళ్లు అమ్మి డబ్బు సంపాదిద్దామని ఇల్లు వదిలి బయలుదేరాడని, మధ్య దారిలోనే పట్టుకుని వెనక్కి తెచ్చారని చెబుతారు. అరటి తోటల మధ్య పుట్టి పెరిగిన మన లంకల పిల్లలకు ఇలాంటి ఆలోచన రావడం వింతేమీ కాదు.

చదువులోనూ ఆయన మొదటి నుంచి మెరిసిన విద్యార్థి కాదు. మెట్రిక్యులేషన్ మూడో ప్రయత్నంలో గట్టెక్కారు. ఈ మాట మీ ఇంట్లో పదో తరగతి తప్పిన పిల్లలుంటే వాళ్లకు చెప్పండి. తర్వాత మద్రాసులో ప్రెసిడెన్సీ కాలేజీ, అటుపైన మద్రాసు మెడికల్ కాలేజీ. మధ్యలో రామకృష్ణ మిషన్‌లో చేరి సన్యాసం తీసుకోవాలనుకున్నారు, తల్లి ఒప్పుకోలేదు. 1919లో శేషగిరితో పెళ్లయింది. మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తి వైద్య విద్యకు డబ్బు సాయం చేశారు.

గాంధీజీ పిలుపు విని, ఆపరేషన్ గదిలోకి ఖద్దరు దుస్తులతో వెళ్లడం తెల్లదొర ప్రొఫెసర్‌కు నచ్చలేదు. పరీక్షలు బాగానే రాసినా ఆయనకు పూర్తి ఎంబీబీఎస్ పట్టా రాలేదు. దానికంటే తక్కువదైన ఎల్ఎంఎస్ చేతిలో పెట్టారు. ఆ పట్టాతో ప్రభుత్వ కొలువు దొరకలేదు. మద్రాసులో డాక్టర్ ఆచంట లక్ష్మీపతి నడిపిన ఆయుర్వేద కళాశాలలో పాఠాలు చెప్పుకుంటూ కాలం గడిపారు.

ఇంట్లో వరుస మరణాలు

ఈ కాలంలోనే ఆ ఇంటిని స్ప్రూ అనే జబ్బు పట్టి పీడించింది. ఎంత తిన్నా ఒంటికి పట్టదు. విరేచనాలు ఆగవు. నోరంతా పుండ్లు పడతాయి. రక్తం తగ్గిపోయి మనిషి రోజురోజుకూ చిక్కిపోతాడు. తోడబుట్టిన ఇద్దరు సోదరులు కొద్ది రోజుల తేడాతోనే ఈ జబ్బుతో పోయారు. సుబ్బారావుకూ అదే వచ్చింది. ఆయన లక్ష్మీపతి గారి వైద్యంతో కోలుకున్నారు. డాక్టరై ఉండి కూడా అన్నదమ్ములు తన కళ్ల ముందు పోతుంటే ఏమీ చేయలేకపోయిన మనిషి ఆయన. అసలు ఈ జబ్బు ఎందుకొస్తుందో తెలుసుకోవాలన్న పట్టుదల అక్కడే మొదలైంది.

1920ల మొదట్లో ఓడెక్కి అమెరికాలోని బోస్టన్ చేరారు. కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మనిధి నుంచి, మామగారి నుంచి వచ్చిన సాయమే ఆధారం. హార్వర్డ్‌లో ఉష్ణమండల వ్యాధుల కోర్సులో చేరారు. ఆయన పట్టాకు అక్కడ విలువ లేదు కాబట్టి డాక్టరుగా పనిచేసే వీల్లేదు. పగలు చదువుకుంటూ, రాత్రిళ్లు ఒక ఆసుపత్రిలో రోగుల మలమూత్రాల పాత్రలు శుభ్రం చేసే పనికి కుదిరారు.

ఆయన అక్కడ ఉండగానే ఇక్కడ శేషగిరికి పుట్టిన మగబిడ్డ తొమ్మిది నెలల వయసులో చనిపోయాడు. ఎరిసిపెలస్ అనే చర్మవ్యాధి సోకింది. స్ట్రెప్టోకాకస్ అనే బ్యాక్టీరియా చర్మంలోకి చేరితే ఆ చోట ఎర్రగా వాచి, మంటతో వేగంగా పాకుతుంది, జ్వరం వస్తుంది. ఈ రోజు అయితే సకాలంలో తెస్తే పెన్సిలిన్ జాతి మందులతో తగ్గిపోయే జబ్బు. ఆ రోజుల్లో పెన్సిలిన్ ఇంకా పుట్టలేదు. కబురు ఓడలో వెళ్లి, జవాబు ఓడలో తిరిగి రావడానికి వారాలకు వారాలు పట్టే కాలం అది. బిడ్డ పోయిన ఇంట్లో తల్లి ఒక ఖండంలో, తండ్రి మరో ఖండంలో ఉండిపోయారు. ఆయన మళ్లీ మన దేశానికి రాలేదు. భార్యాభర్తలు మళ్లీ కలుసుకోలేదు.

సుబ్బారావు గురించి రాసేవాళ్లు శేషగిరి గురించి ఒకటి రెండు వాక్యాలతో సరిపెడతారు. ఆమె ఆ దుఃఖాన్ని ఎలా భరించిందో మనం ఊహించి రాయకూడదు. కానీ ఒక్కటి మాత్రం గమనించండి. బిడ్డ పోయిన ఇళ్లలో ఇప్పటికీ ఇదే జరుగుతుంది. తండ్రి పనిలో పడతాడు. తల్లి ఇంట్లో మిగిలిపోతుంది. ఒకే ఇంట్లో ఉన్నా ఇద్దరి మధ్యా సముద్రమంత దూరం పెరుగుతుంది. ఈ సంగతి మళ్లీ మాట్లాడుకుందాం.

ప్రయోగశాలలో పాతికేళ్లు

హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్ అనే ఆచార్యుడి దగ్గర సుబ్బారావు పరిశోధన మొదలుపెట్టారు. రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతిని ఇద్దరూ కలిసి 1925లో ప్రకటించారు. ఫిస్క్–సుబ్బారావు పద్ధతిగా బయోకెమిస్ట్రీ చదివిన ప్రతి వైద్య విద్యార్థికీ అది తెలుసు. తర్వాత కండరాల్లో శక్తి ఎలా నిల్వ ఉంటుందో చెప్పే ఫాస్ఫోక్రియాటిన్‌ను, మన ప్రతి కణానికీ ఇంధనం లాంటి ఏటీపీని గుర్తించిన ఘనతలోనూ ఆయనకు వాటా ఉంది. 1930లో పీహెచ్‌డీ వచ్చింది. అయినా హార్వర్డ్‌లో స్థిరమైన ఉద్యోగం దొరకలేదు. 1940లో న్యూయార్క్ దగ్గర పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ ఔషధ ప్రయోగశాలల్లో చేరి, అక్కడి పరిశోధన విభాగానికి డైరెక్టర్ అయ్యారు.

ఇక్కడే ఆయన పాత శత్రువు స్ప్రూ మళ్లీ ఎదురైంది. కాలేయంలో, ఆకుకూరల్లో ఉండే ఏదో పదార్థం రక్తహీనతను తగ్గిస్తుందని అప్పటికే తెలుసు. బొంబాయిలో గర్భిణుల రక్తహీనతపై లూసీ విల్స్ అనే వైద్యురాలు చేసిన పని దానికి దారి చూపింది. ఆ పదార్థమే ఫోలిక్ యాసిడ్. సుబ్బారావు బృందం 1940ల మధ్యలో దాన్ని ప్రయోగశాలలో తయారు చేయగలిగింది. అది స్ప్రూ రోగులకు ఉపయోగపడింది. తన సోదరులను తీసుకుపోయిన జబ్బుకు ఆయన తన జీవితకాలంలోనే మందు చూడగలిగారు. బోదకాలు మందు హెట్రజాన్ కూడా ఆ ప్రయోగశాల నుంచే 1947లో వచ్చింది. మన డెల్టా జిల్లాలు ఆ మందుకు ఎంత రుణపడి ఉన్నాయో పెద్దవాళ్లను అడిగితే చెబుతారు.

పదహారు మంది పిల్లలు

బోస్టన్ పిల్లల ఆసుపత్రిలో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టర్ ఉండేవారు. ఆయన పాథాలజిస్టు. అంటే, చనిపోయిన పిల్లల శరీరాలను పరీక్షించి కారణం తేల్చే పని. లుకేమియాతో పోయిన పిల్లలను చూసి చూసి, బతికుండగానే ఏదైనా చేయాలనుకున్నారు. ఫోలిక్ యాసిడ్ రక్తం పెంచుతుంది కదా అని, ఆ జాతి పదార్థాలను లుకేమియా పిల్లలకు ఇచ్చి చూశారు. జబ్బు తగ్గకపోగా ఇంకా వేగం పెరిగినట్టు కనిపించింది.

కారణం సులువుగా చెబుతాను. కణం రెండుగా చీలాలంటే ఫోలిక్ యాసిడ్ కావాలి. లుకేమియాలో ఎముక మూలుగలో పనికిరాని తెల్లకణాలు అదుపు లేకుండా పుట్టుకొస్తుంటాయి. వాటికి ఫోలిక్ యాసిడ్ అందిస్తే కలుపు మొక్కలకు ఎరువు వేసినట్టే. మరి దాన్ని అందకుండా చేస్తే? ఫోలిక్ యాసిడ్‌లాగే కనిపించి, కణాన్ని మోసగించి, పని మాత్రం చేయని పదార్థం కావాలి. సుబ్బారావు బృందం అలాంటి వాటిని తయారు చేసి ఫార్బర్‌కు పంపింది. వాటిలో అమినోప్టెరిన్ ఒకటి. 1947 డిసెంబరు చివర్లో రెండేళ్ల బాబుకు దాన్ని ఇవ్వడం మొదలుపెట్టారు. తెల్లకణాల సంఖ్య తగ్గింది. నడవలేని బాబు నడిచాడు, ఆడుకున్నాడు.

1948 జూన్‌లో ఫార్బర్ ఆ ఫలితాలను ప్రచురించారు. మందు ఇచ్చింది పదహారు మందికి. మేలు కనిపించింది పది మందిలో. ఆ మేలు తాత్కాలికమేనని ఫార్బర్ స్పష్టంగా రాశారు. ఆ మొదటి బాబు కూడా కొన్ని నెలలకే చనిపోయాడు. ఆ ఫలితాలు వెలువడిన రెండు నెలలకు, 1948 ఆగస్టులో సుబ్బారావు నిద్రలోనే గుండెపోటుతో కన్నుమూశారు. వయసు 53. తాను పంపిన మందు ముందు ముందు ఎంతమందిని నిలబెడుతుందో ఆయన చూడలేదు.

అమినోప్టెరిన్ స్థానంలో దానికంటే ప్రమాదం తక్కువైన మెథోట్రెక్సేట్ వచ్చింది. ఒకే మందు ఇస్తే జబ్బు తిరిగొస్తోందని గమనించి, 1960ల్లో నాలుగైదు మందులు కలిపి ఇవ్వడం, మెదడులో దాక్కున్న కణాలకు విడిగా చికిత్స చేయడం నేర్చుకున్నారు. ఇవాళ సంపన్న దేశాల్లో పిల్లల్లో ఎక్కువగా వచ్చే రకం లుకేమియా సోకిన పది మందిలో దాదాపు తొమ్మిది మంది బతుకుతున్నారు. మన దగ్గర ఆ సంఖ్య ఇంకా తక్కువే. ఆలస్యంగా రావడం, ఇన్ఫెక్షన్లు, చికిత్స మధ్యలో మానేయడం ఇందుకు ముఖ్య కారణాలు. మందు ఉంది, దాన్ని చివరిదాకా వాడించడమే మన ముందున్న పని.

మీరు గుర్తుపట్టాల్సినవి

పిల్లల లుకేమియా రెండు నుంచి ఐదేళ్ల మధ్య ఎక్కువగా బయటపడుతుంది. రెండు వారాలు దాటినా వదలని జ్వరం, రోజురోజుకూ పాలిపోవడం, దెబ్బ తగలకుండానే ఒంటిపై నల్లటి కమిలిన మచ్చలు, చిగుళ్ల నుంచి, ముక్కు నుంచి రక్తం, మెడలో గడ్డలు, పొట్ట ఉబ్బడం, కాళ్ల నొప్పులని నడవనని మారాం చేయడం... వీటిలో ఒకటి రెండు కలిసి కనిపిస్తే ఆలస్యం చేయకండి. సీబీసీ అనే చిన్న రక్తపరీక్ష, దానితో పాటు రక్తపు చుక్కను గాజు పలక మీద మైక్రోస్కోపుతో చూడటం, ఈ రెండూ తెనాలిలోనే అవుతాయి. జ్వరం తగ్గడానికని ఊళ్లో ఎవరో స్టిరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తానంటే ఒప్పుకోకండి. అది లుకేమియాను కొన్నాళ్లు కప్పిపుచ్చుతుంది. తర్వాత నిర్ధారణ కష్టమవుతుంది.

జబ్బు తేలితే గుంటూరు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో క్యాన్సర్ విభాగం ఉంది. విశాఖలో హోమీ భాభా ఆసుపత్రి, హైదరాబాద్‌లో ఎంఎన్‌జే ఉన్నాయి. మనం ఆరోగ్యశ్రీగా పిలుచుకునే ప్రభుత్వ పథకంలో పిల్లల క్యాన్సర్ చికిత్సలు ఉన్నాయి. పొలం అమ్మడానికి ముందు ఆసుపత్రిలోని ఆ కౌంటర్ దగ్గరికి వెళ్లి అడగండి.

చికిత్స రెండు నుంచి మూడేళ్లు సాగుతుంది. మొదటి నెల రోజుల్లోనే బిడ్డ తేరుకుని ముద్దుగా కనిపిస్తాడు. అక్కడే చాలా కుటుంబాలు ఆగిపోతాయి. ఆ దశలో జబ్బు కంటికి కనిపించదు, అంతే, పోలేదు. 1948లో ఆ పది మంది పిల్లల విషయంలో జరిగింది అదే. కాబట్టి మాత్రలు వేసే రోజులు, రక్తపరీక్ష రోజులు క్యాలెండర్ మీద రాసి పెట్టుకోండి.

మెథోట్రెక్సేట్ మాత్ర గురించి ఒక హెచ్చరిక. ఇంట్లో వేసుకునే ఈ మాత్ర సాధారణంగా వారానికి ఒక రోజే. పొరపాటున రోజూ వేస్తే నోటి పుండ్లు, రక్తకణాలు పడిపోవడం, ప్రాణాపాయం. కీళ్లవాతానికి వాడే పెద్దలకూ ఇదే వర్తిస్తుంది. లుకేమియా పిల్లలకు బలానికని ఫోలిక్ యాసిడ్ ఉన్న టానిక్‌లు మీ అంతట మీరు కొని పట్టకండి. ఎందుకో పైన చదివారు కదా.

బిడ్డ దక్కకపోతే...

అన్నీ సరిగ్గా చేసినా కొందరు పిల్లలు దక్కరు. ఆ ఇళ్ల గురించి ఆరోగ్య పేజీల్లో తక్కువ రాస్తాం.

బిడ్డ పోయిన తల్లి ముందుగా వెతికేది తన తప్పు. గర్భంతో ఉన్నప్పుడు ఏదో తిన్నాననో, మొదట జ్వరమొచ్చినప్పుడు చూసుకోలేదనో. పిల్లల రక్తక్యాన్సర్ చాలావరకు ఎముక మూలుగలోని ఒక కణంలో జరిగే జన్యు మార్పు వల్ల వస్తుంది. తల్లి తిండి, తండ్రి అలవాటు, గ్రహణం, దిష్టి, ఎవరి పాపమూ దానికి కారణం కాదు. అంటువ్యాధి కూడా కాదు. ఆ ఇంటి పిల్లలతో మీ పిల్లలను ఆడుకోనివ్వండి. కోడలి వల్లే వచ్చిందని ఆ ఇంట్లో ఎవరైనా అంటుంటే, మీరు పెద్దవారైతే అక్కడే ఖండించండి.

పలకరించడానికి వెళ్లినప్పుడు ఇంకో బిడ్డను కనమని సలహా ఇవ్వకండి. పోయిన బిడ్డ స్థానం అలా భర్తీ అయ్యేది కాదు. ఆ బిడ్డ పేరు ఎత్తితే బాధపడతారని చాలామంది పేరే ఎత్తరు. నా అనుభవంలో తల్లిదండ్రులు కోరుకునేది సరిగ్గా దానికి వ్యతిరేకం. పేరు పెట్టి తలచుకోండి. కర్మకాండలు అయ్యాక ఇంటికి ఎవరూ రాని రోజులు మొదలవుతాయి. అసలు వెళ్లాల్సింది అప్పుడు.

ఇంట్లో మిగిలిన పిల్లలను మరవకండి. తమ్ముడితో దెబ్బలాడాను కాబట్టే వాడు పోయాడని ఆరేడేళ్ల పిల్లలు నిజంగా నమ్ముతారు. నిద్రపోయాడని, ఊరెళ్లాడని చెబితే నిద్రన్నా, ప్రయాణమన్నా భయపడతారు. జబ్బు చేసి చనిపోయాడని, అందులో నీ తప్పేమీ లేదని సూటిగా చెప్పండి.

భార్యాభర్తలు ఒకేలా ఏడవరు. ఆయన కన్నీరు పెట్టలేదంటే బాధ లేదని కాదు. ఆమె రోజూ ఏడుస్తోందంటే పిచ్చి పట్టిందనీ కాదు. రోజుకు పది నిమిషాలైనా ఇద్దరూ బిడ్డ గురించి కలిసి మాట్లాడుకోండి. నెలలు గడుస్తున్నా తిండి, నిద్ర లేకపోయినా, బతకాలని లేదనే మాట వచ్చినా మానసిక వైద్యుల దగ్గరికి తీసుకెళ్లండి.

సుబ్బారావు కథను చాలామంది ఒకలా చెబుతుంటారు, బిడ్డ పోయిన బాధతోనే పిల్లల మందు కనిపెట్టాడని. వినడానికి బాగుంటుంది కానీ అది సరికాదు. ఆయన కొడుకు జబ్బు వేరు, లుకేమియా వేరు. ఆయన వెతికింది స్ప్రూకు, రక్తహీనతకు మందు. ఆ దారిలో మరొకరి ప్రశ్నకు జవాబు దొరికింది. ఈ తేడా ఎందుకు చెబుతున్నానంటే, బిడ్డను పోగొట్టుకున్నవాళ్లు ఆ దుఃఖంతో ఏదో గొప్ప పని చేసి తీరాలని మనం ఆశిస్తుంటాం. అవసరం లేదు. వాళ్లు మళ్లీ అన్నం తిని, పొలానికో పనికో వెళ్లి, మిగిలిన పిల్లలను బడికి పంపగలిగితే చాలు.

1995లో శతజయంతి సందర్భంగా మన తపాలా శాఖ సుబ్బారావు పేరిట స్టాంపు విడుదల చేసింది. అంతకంటే పెద్ద గుర్తు ఆసుపత్రుల్లో ఉంది. ఇవాళ లుకేమియాతో చికిత్స పొందుతున్న దాదాపు ప్రతి బిడ్డకూ ఏదో ఒక దశలో మెథోట్రెక్సేట్ ఇస్తారు. దాని వెనక సుబ్బారావు బృందంతో పాటు, పేర్లు మనకు తెలియని ఆ పదహారు కుటుంబాలూ ఉన్నాయి. తమ బిడ్డ దక్కుతాడో లేదో తెలియకుండానే వాళ్లు కొత్త మందుకు ఒప్పుకున్నారు. మీ వీధిలో చికిత్సలో ఉన్న బిడ్డ ఉంటే ఆ తల్లిదండ్రులకు బస్సు ఛార్జీకో, ఇంట్లో మిగిలిన పిల్లలకు రెండు పూటల భోజనానికో తోడుపడండి. చికిత్స మధ్యలో ఆగకుండా ఉండటానికి చాలాసార్లు అంతకు మించి అక్కర్లేదు.